తక్కువ ధర స్పోర్ట్స్ కార్లు: ఏ రివ్యూని ఎంతవరకు నమ్మాలి?

మాజ్దా మియాటా (ఇద్దరికే చోటుండే, టాప్ తెరుచుకునే కారు) కొనాలా, టొయోటా జీఆర్86 కొనాలా, దాని కవల సుబారు బీఆర్‌జెడ్ కొనాలా, ఫోర్డ్ మస్టాంగ్ ఎకోబూస్ట్‌కి వెళ్లాలా, ఇవన్నీ ఎందుకు, ఇంటిల్లిపాదీ పట్టే హోండా సివిక్ ఎస్ఐ తీసుకుంటే పోలా అని రాత్రి పదకొండు దాటాక కూడా రివ్యూలు చూస్తూ కూర్చునే తెలుగువాళ్లు మన డాలస్ చుట్టుపక్కలే బోలెడుమంది ఉన్నారు. నేనూ ఏడాదిపాటు అదే పని చేశాను. చివరికి వాడిన 2019 మియాటా తీసుకున్నాను, ఇప్పటికీ తాళం చేతిలోకి తీసుకుంటే చాలు మనసు తేలికవుతుంది. ఆ ఏడాదిలో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, వృత్తిగా రాసేవాళ్లు కారు గురించి చెప్పింది దాదాపు అంతా నిజమే, కానీ వాళ్లు జవాబు చెప్పే ప్రశ్న వేరు, డబ్బు పెట్టి కొనేవాడి ప్రశ్న వేరు.

ఒక్క ఉదాహరణ చూడండి. షోరూమ్‌లో మా ఆవిడ మియాటా పక్క సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకోకముందే "ఇక్కడ కాలికి ఏదో తగులుతోంది, ఏంటిది?" అంది. వంగి చూస్తే కార్పెట్ కింద గట్టి ఉబ్బు, కాళ్లు రెండూ నిండుగా చాపుకోకుండా ఒక పక్కన లేచి ఉంది. ఇప్పటి తరం మియాటాలో పక్కన కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర ఇది ఉంటుంది, మామూలు గ్లవ్‌బాక్స్ కూడా ఉండదు, సామాను పెట్టుకునే అర సీట్ల మధ్య వెనకాల ఉంటుంది. స్టీరింగ్ గురించి, గేర్ పడే తీరు గురించి పేజీలకు పేజీలు చదివాను గానీ ఈ ఉబ్బు గురించి నేను చదివినవాటిలో ఎక్కడో ఒకటి రెండు చోట్ల ఒక్క ముక్క ఉంది, అంతే. రాసేవాడు డ్రైవర్ సీట్లో కూర్చుంటాడు. పక్క సీటు సంగతి అతనికి ఎందుకు తడుతుంది?

ఇక్కడ ఫలానా కారు కొనండి అని చెప్పబోవడం లేదు. ఏ రకం రివ్యూ ఏ విషయంలో పనికొస్తుంది, ఎక్కడ దాన్ని పక్కన పెట్టాలి అన్నదే చెప్తాను. ఈ కార్లలో చాలావరకు ఇండియాలో అమ్మరు కాబట్టి లెక్కలన్నీ అమెరికావే.

## రివ్యూ చదివేముందు నాలుగు ప్రశ్నలు

ఆ కారు ఎవరిది? మామూలుగా పత్రికలకి కారు కంపెనీయే ఇస్తుంది. కడిగి, ట్యాంక్ నింపి, వారం రోజులకి ఇంటికి పంపిస్తారు. కొత్త మోడల్ వచ్చినప్పుడైతే విలేకరుల్ని విమానంలో తీసుకెళ్లి, మంచి హోటల్లో పెట్టి, కంపెనీ ఎంచుకున్న ఘాట్ రోడ్డు మీద నడపమంటారు. దీనివల్ల అబద్ధం రాస్తారని నేను అనను, నాకు తెలిసి చాలామంది నిజాయితీగానే రాస్తారు. కానీ నెలనెలా ఈఎంఐ కట్టేవాడికి ఉండే చిరాకు వాళ్లకి ఉండదు.

ఎన్ని రోజులు నడిపారు? ఒక పూటా, వారమా, ఏడాదా? ఈ తేడా మిగతా అన్నిటికన్నా పెద్దది.

ఏ ట్రిమ్ (ఒకే మోడల్‌లో హంగుల స్థాయి), ఏ టైర్లు? ప్రెస్ కార్లు తరచూ పై ట్రిమ్‌వే ఉంటాయి. ఇప్పటి జీఆర్86 ప్రీమియం 18 అంగుళాల చక్రాల మీద మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లతో వచ్చింది, బేస్ మోడల్ 17 అంగుళాల మీద ప్రైమసీ టైర్లతో వచ్చింది. రెండూ అదే కారు, కానీ మలుపులో పట్టు అదే కాదు. ప్రీమియం నడిపి రాసింది చదివి బేస్ కొంటే మీరు చదివిన కారు మీ ఇంటి ముందు ఉండదు.

కొలిచారా, లేక అనిపించింది రాశారా? రెండూ కావాలి, కానీ ఏది ఏదో తెలియాలి.

## ఫస్ట్ డ్రైవ్ రివ్యూలు

కారు మార్కెట్లోకి రాకముందే వచ్చేవి ఇవి. ఎక్కువమంది చదివేవీ ఇవే, కొనే నిర్ణయానికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేవీ ఇవే. స్టీరింగ్ బరువు, బ్రేక్ పెడల్, గేర్ లీవర్, సీటు ఎత్తు, ఈ నాలుగు విషయాల్లో మాత్రం వీళ్ల మాట గట్టిగా నమ్మొచ్చు, ఎందుకంటే ఏడాదికి పదులకొద్దీ కార్లు నడిపే చెయ్యి అది, తేడా చప్పున పట్టేస్తుంది. వేర్వేరు పత్రికలవాళ్లు ముగ్గురు అదే మాట అంటే ఇక సందేహం అక్కర్లేదు. 2016 మియాటా వచ్చినప్పుడు స్టీరింగ్ పైకీ కిందికీ జరుగుతుంది గానీ ముందుకూ వెనక్కూ జరగదని రివ్యూలలో మళ్లీ మళ్లీ వినిపించింది. 2019లో మాజ్దా ఆ సర్దుబాటు ఇచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ ఎనిమిదో తరం జీటీఐలో బటన్లు తీసేసి టచ్ ప్యానెల్స్ పెడితే విమర్శకులు దాదాపు ఒకే గొంతుతో వద్దన్నారు, 2025 మోడల్‌కి స్టీరింగ్ మీద మామూలు బటన్లు తిరిగొచ్చాయి. ఇలాంటి చోట్ల వాళ్లకి నిజంగా దండం పెట్టాలి.

మరి ఎక్కడ జాగ్రత్త పడాలి? వాళ్ల ఉత్సాహం దగ్గర. వారమంతా రెండు టన్నుల ఎస్‌యూవీలు నడిపి రాసే మనిషికి, సుమారు 1,070 కిలోల మియాటా చేతికొస్తే ప్రాణం లేచొస్తుంది. వరసపెట్టి పెళ్లి భోజనాలు తిన్నవాడికి ఆవకాయతో పెరుగన్నం పెట్టినట్టు. ఆ ఆనందం నిజమైనదే. అయితే మీరు ఇప్పుడు నడిపేది పాత కరోలా అయితే మీకు అదే మోతాదులో ఆనందం కలుగుతుందని గానీ, రోజూ 30 మైళ్లు టోల్‌వే మీద వెళ్లాక కూడా అది మిగులుతుందని గానీ ఆ రివ్యూ హామీ ఇవ్వలేదు.

వాళ్ల భాష కూడా కాస్త నేర్చుకోవాలి. "ఫర్మ్ రైడ్" అంటే బ్రిడ్జి అతుకుల దగ్గర నడుముకి తెలుస్తుంది. "క్యాబిన్ స్నగ్" అంటే ఆరడుగులు దాటినవాళ్లు కొనకముందు తప్పకుండా కూర్చుని చూడాలి. "ఇంజిన్‌ని పిండాలి" అంటే ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు లాగదు, పైకి తిప్పితేనే లాగుతుంది. ఈ మూడోదానికి మంచి ఉదాహరణ 2012లో వచ్చిన మొదటి తరం బీఆర్‌జెడ్, దాని కవల సయాన్ ఎఫ్ఆర్-ఎస్ (సయాన్ టొయోటా వాళ్ల బ్రాండే, ఇప్పటి జీఆర్86కి ముందుతరం ఈ కారు). 2.0 లీటర్ల ఇంజిన్, 200 హార్స్‌పవర్, టార్క్ (ఇంజిన్ లాగే బలం) 151 పౌండ్-అడుగులే, అది కూడా 6,400 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాకే అందేది, పైగా నడుమ 4,000 దగ్గర ఒక గుంట. బ్యాలెన్స్‌ని పొగడటంలో ఈ గుంట చాలా రివ్యూల్లో ఒక వాక్యంలో తేలిపోయింది, కొన్నవాళ్లకి మాత్రం అది రోజూ ఆఫీసు దారిలో ఎదురయ్యేది. 2022 మోడల్‌కి ఇంజిన్ 2.4 లీటర్లు చేసి, 228 హార్స్‌పవర్, 184 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చారు, ఆ టార్క్ 3,700 దగ్గరే అందేలా చేశారు. ఫిర్యాదు ఎంత సరైనదో దీన్నిబట్టే తెలుస్తుంది.

## కొలిచిన టెస్టులు, ముఖాముఖి పోలికలు

నా మట్టుకు నాకు వృత్తి రివ్యూల్లో అసలు విలువైనవి ఇవి. ఒకే రోజు, ఒకే రోడ్డు, ఒకే పరికరాలతో మూడు నాలుగు కార్లు కొలిస్తే దాంట్లో సొంత ఇష్టాలకి చోటు తక్కువ. బ్రేక్ దూరం, మలుపులో పట్టు, 70 మైళ్ల వేగంలో లోపలి శబ్దం ఎన్ని డెసిబెల్స్, ఇవన్నీ అంకెల్లో ఉంటాయి. శబ్దం అంకెని చాలామంది చూడనే చూడరు, రోజూ నడిపేవాళ్లు ముందు చూడాల్సింది అదే.

0-60 అంకె దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. అమెరికా పత్రికలు చాలావరకు కారు మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలుపెడతాయి, డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన అలవాటు అది, దానివల్ల దాదాపు 0.3 సెకన్లు తగ్గుతుంది. పైగా క్లచ్‌ని ఏమాత్రం కనికరించకుండా చేసే స్టార్ట్ అది, మన సొంత కారుతో మనం చేయం. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 5 నుంచి 60 మైళ్ల అంకె కూడా విడిగా ఇస్తుంది, కారు మెల్లగా కదులుతుండగా మొదలుపెట్టి కొలిచేది. ర్యాంప్ మీద నుంచి హైవేలో కలిసేటప్పుడు మీకు అందేది దానికి దగ్గరగా ఉంటుంది. టర్బో కార్లు పోల్చేటప్పుడు ఈ అంకె తప్పకుండా చూడండి.

అంకెలు కూడా మోసపోయిన రోజులు ఉన్నాయి. 1964లో ఇదే పత్రిక పాంటియాక్ జీటీఓని టెస్ట్ చేసి 0-60కి 4.6 సెకన్లు అని రాసింది. ఆ కారులో ఉండాల్సిన 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ బదులు 421 పెట్టి ఇచ్చామని పాంటియాక్ ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ దశాబ్దాల తర్వాత ఒప్పుకున్నాడు. 1999 మస్టాంగ్ కోబ్రాకి 320 హార్స్‌పవర్ అని ప్రకటిస్తే, కొన్నవాళ్లు డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) మీద ఎక్కించి అంత రావట్లేదని తేల్చారు, ఫోర్డ్ అమ్మకాలు ఆపి, కార్లు వెనక్కి పిలిచి సరిచేయాల్సి వచ్చింది. 2001లో మియాటాకి 155 అని చెప్పిన మాజ్దా అమెరికా కార్లకి 142 అని దిద్దుకుని, కావాలంటే కారు తిరిగి కొంటామని కూడా అంది. 2005 నుంచి సాక్షి ఎదుట కొలిచే ఎస్ఏఈ (ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం) పద్ధతి వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ భయం చాలావరకు తగ్గింది. అయినా ఈ మూడు కథలూ నేను గుర్తుపెట్టుకుంటాను, ఎందుకంటే ఇందులో రెండో దాన్ని పట్టుకున్నది పత్రికలవాళ్లకన్నా ముందు సొంత డబ్బు పెట్టినవాళ్లు.

ఇంకో మాట. పోలిక వ్యాసంలో ఒకటో స్థానం, రెండో స్థానం అని పెట్టేస్తారు, మనం అక్కడే ఆగిపోతాం. జీఆర్86, బీఆర్‌జెడ్ రెండూ జపాన్‌లో సుబారు వాళ్ల ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి. టొయోటా కారు వెనక భాగం కాస్త ఆడుతుంది, సుబారు కాస్త స్థిమితంగా ఉంటుంది, ఆ తేడా నిజమే. కానీ అది తెలిసేది ట్రాక్ మీద, లేదంటే కొండ దారిలో బాగా తోలినప్పుడు. డాలస్ దగ్గర ప్లేనో నుంచి ఇర్వింగ్ వెళ్లేవాడికి ఏ డీలర్ స్టిక్కర్ ధర మీద అదనం అడగకుండా ఇస్తున్నాడన్నది అంతకన్నా ముఖ్యం.

## లాంగ్ టర్మ్ టెస్టులు, కన్స్యూమర్ రిపోర్ట్స్

కార్ అండ్ డ్రైవర్ లాంటివాళ్లు కొన్ని కార్లని 40,000 మైళ్ల దాకా ఉంచుకుని రాస్తారు. సీటు లెదర్ ఎప్పుడు ముడతపడింది, టైర్లు ఎన్ని వేల మైళ్లకి అరిగాయి, సర్వీసుకి ఎంత అయింది, ఇవి దొరికేది అక్కడే. ఒకటే లోటు, అది ఒక్క కారు. మీది అలాగే ఉండాలని లేదు.

కన్స్యూమర్ రిపోర్ట్స్ 1936 నుంచి ఉన్న సంస్థ, ప్రకటనలు తీసుకోదు, కార్లు సొంత డబ్బుతో మామూలు కొనుగోలుదారుల్లా కొని టెస్ట్ చేస్తుంది, సభ్యుల సర్వేల నుంచి నమ్మకస్తత లెక్క కడుతుంది. మన్నిక దగ్గర నేను ముందు చూసేది వాళ్లనే. స్పోర్ట్స్ కార్ల విషయంలో రెండు గమనించాలి. తక్కువ అమ్ముడయ్యే కార్లకి సర్వే జవాబులు తక్కువ వస్తాయి. రెండోది, శబ్దం, ఎక్కడం దిగడం, డిక్కీ లాంటివాటికి వాళ్లు మార్కులు కోస్తే అది మీకు అడ్డు కాకపోవచ్చు, మొత్తం మార్కు వదిలేసి విడివిడి వరసలు చదవండి.

## యూట్యూబ్

ఇక్కడ అందరినీ ఒక గాటన కట్టలేం. కొందరు సొంత కారు కొని రెండేళ్లు వాడి మాట్లాడతారు, వాళ్లు బంగారం. కొందరు డీలర్ దగ్గర అరగంట తీసుకుని మాట్లాడతారు. డబ్బు గానీ వస్తువు గానీ తీసుకుంటే ఆ సంగతి చెప్పాలని అమెరికాలో ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) నిబంధన ఉంది, వీడియో కింద వివరణ తెరిచి చదవండి. వీడియోలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది చలి ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేసిన శబ్దం, సీటు మీదికి దిగేటప్పుడు మనిషి ఎలా వంగాడు, డిక్కీలో ఏం పట్టింది, అంటే అతను మాట్లాడని చోట్లు.

## ఓనర్లు ఏమంటున్నారు

2013 మోడల్ బీఆర్‌జెడ్, ఎఫ్ఆర్-ఎస్ ఇంజిన్‌లో వాల్వ్ స్ప్రింగ్‌లు విరిగే ప్రమాదం ఉందని 2018 నవంబర్‌లో రీకాల్ వచ్చింది, ఇంజిన్ కిందికి దించి చేయాల్సినంత పని. 2012లో రాసిన ఏ రివ్యూకారుడైనా ఇది ఎలా చెప్పగలడు? అతని తప్పేం లేదు, ఆరేళ్ల తర్వాత బయటపడిన సంగతి. అలాగే ఇప్పటి మియాటా మొదటి రెండు మూడేళ్ల మాన్యువల్ గేర్‌బాక్సులు కొన్ని పోవడం, కొత్త జీఆర్86ని ట్రాక్ మీద పొడవైన కుడి మలుపుల్లో తిప్పితే ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, ఇవన్నీ ముందుగా బయటికొచ్చింది ఓనర్ల దగ్గర్నుంచే. జీఆర్86 కొన్నవాళ్లకి టొయోటా ట్రాక్ డే (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) ఒకటి ఉచితంగా ఇస్తుంది కాబట్టి ఈ ఆయిల్ సంగతి చిన్న విషయం కాదు.

కానీ ఓనర్ల మాటలోనూ రెండు వంకరలు ఉంటాయి. కారు పాడైనవాడు పది చోట్ల రాస్తాడు, బాగున్నవాడు రాయడు, నడుపుకుంటాడు. రెండోది, 30,000 డాలర్లు పెట్టినవాడికి తన ఎంపిక తప్పని ఒప్పుకోవడం కష్టం. అందుకని నేను ఓనర్ల దగ్గర "బాగుందా" అని అడగను. "ఏ భాగం మార్చావు, ఎన్ని మైళ్లకి, ఎంత అయింది" అని అడుగుతాను. అలా అడిగితే ఎవరైనా నిజమే చెప్తారు.

## ఒక్క చోట పెడితే

రూపాయిలో ఎన్ని పైసలు నమ్ముతాను అన్న లెక్క ఇది, పూర్తిగా నా సొంత అంచనా.

| మీ ప్రశ్న | ఫస్ట్ డ్రైవ్ | కొలిచిన టెస్ట్ | లాంగ్ టర్మ్ | ఓనర్లు |
|---|---|---|---|---|
| స్టీరింగ్, గేర్, బ్రేక్ ఎలా ఉన్నాయి | 90 | 90 | 80 | 40 |
| ఎంత వేగం, ఎంత పట్టు | 40 | 95 | 70 | 20 |
| రోజూ నడపడానికి హాయిగా ఉంటుందా | 30 | 50 | 80 | 70 |
| పక్క సీటు, డిక్కీ | 20 | 40 | 70 | 85 |
| ఐదేళ్లు నిలుస్తుందా | 5 | 5 | 40 | 70 |
| ఇన్సూరెన్స్, అసలు అయ్యే ధర | 5 | 5 | 30 | 50 |

ఆఖరి వరసలో ఓనర్లకీ సగమే ఇచ్చాను, ఎందుకంటే ఇన్సూరెన్స్ మనిషిని బట్టి మారుతుంది. కొత్తగా వచ్చి అమెరికా డ్రైవింగ్ చరిత్ర ఏడాది కూడా లేని హెచ్1బీ కుర్రాడికీ, పదిహేనేళ్లుగా ఉంటున్న ఇద్దరు పిల్లల తండ్రికీ అదే కారు మీద కోట్‌లు ఎక్కడా పోలికే ఉండవు. కారు విన్ నంబర్ (ప్రతి కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్) తీసుకుని మీ పేరు మీద కోట్ తెప్పించుకోండి, సంతకం పెట్టకముందు.

## ఎవరు దేన్ని నమ్మాలి

ఒంటరిగా ఉండి ఇదొక్కటే కారు కొనుక్కునేవాళ్లకి లాంగ్ టర్మ్ టెస్టులే దిక్కు. మియాటా డిక్కీ సుమారు 130 లీటర్లు. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, కూరగాయల సంచులు రెండు హాయిగా పడతాయి. కానీ అమ్మానాన్న వస్తే ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండేసి, ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం అయ్యే పని కాదు, అసలు డ్రైవర్ కాక ఇంకొక్కరే పడతారు. జీఆర్86కి వెనక సీట్లు పేరుకి ఉన్నాయి, మడిస్తే నాలుగు టైర్లు పడతాయి, పెద్దవాళ్లు మాత్రం కూర్చోలేరు. ఇంట్లో ఒకటే కారు అయితే ఇక్కడ సివిక్ ఎస్ఐని ఎందుకు అంత మెచ్చుకుంటారో అర్థమవుతుంది: 200 హార్స్‌పవరే అయినా మాన్యువల్ గేర్, నాలుగు తలుపులు, వెనక నిజమైన సీటు. పోలిక వ్యాసాల్లో అది మియాటా అంత గుండె కొట్టుకునేలా లేదని రాస్తారు, నిజమే, కానీ పిల్లల సీటు బిగించాల్సిన ఇంట్లో ఆ వాక్యాన్ని దాటేసి ముందుకెళ్లండి.

ట్రాక్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ఫస్ట్ డ్రైవ్‌లు వదిలేయండి. వర్జీనియా రేస్‌వేలో 2006 నుంచి కార్ అండ్ డ్రైవర్ చేస్తున్న లైట్నింగ్ ల్యాప్ (ఒకే ట్రాక్ మీద కార్ల ల్యాప్ టైమ్‌లు కొలిచే టెస్ట్) లాంటివి చూడండి, ఆ తర్వాత అదే కారుతో నాలుగైదు ట్రాక్ డేలు చేసినవాళ్లని పట్టుకుని బ్రేకులు, ఆయిల్, వారంటీ గురించి అడగండి.

న్యూజెర్సీ, మిషిగన్ వైపు ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ మెచ్చుకోలు రివ్యూలు చాలావరకు ఎండ రోజున, సమ్మర్ టైర్ల మీద రాసినవి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే ఆ టైర్లు రాయిలా బిగుసుకుంటాయి, మంచులో అసలు వాడకూడదు. రెండో సెట్ టైర్ల ధర ముందే లెక్కలో కలుపుకోండి.

వాడిన కారు కొనేవాళ్లకైతే కొత్తగా వచ్చినప్పటి రివ్యూ దాదాపు చరిత్ర పుస్తకం. ఏ ఏడాది ఏం మారిందో తెలుసుకోవడానికి మాత్రం చదవండి. ఉదాహరణకి మియాటా 2019లో 155 నుంచి 181 హార్స్‌పవర్‌కి పెరిగింది, ఇంజిన్ 7,500 దాకా తిరుగుతుంది. నేను 2018 కారు కాస్త చవగ్గా దొరుకుతున్నా వదిలి 2019 కోసం ఆగింది ఇందుకే. తర్వాత ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో విన్ నంబర్ కొట్టి పెండింగ్ రీకాల్స్ చూసుకోండి, అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్ చేత లిఫ్ట్ మీద చూపించండి. నేను మొదట చూసిన కారు ఒక డీలర్ దగ్గర అద్దంలా మెరిసిపోతూ ఉండేది. లిఫ్ట్ మీద ఎక్కిస్తే కింద ఒక పక్క వెల్డింగ్ చేసి నల్లరంగు పూసి ఉంది. మెకానిక్‌కి ఇచ్చిన 150 డాలర్లు నా జన్మలో పెట్టిన మంచి ఖర్చుల్లో ఒకటి.

## టెస్ట్ డ్రైవ్

ఎన్ని చదివినా చివరికి ఇది చేయాల్సిందే, అయితే డీలర్ చూపించే బ్లాక్ చుట్టూ ఐదు నిమిషాల తిప్పుడు సరిపోదు. సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి వెళ్లండి, మీ పక్క సీట్లో రోజూ కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. ఇరవై నిమిషాలైనా అడగండి. పది నిమిషాలు ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కండి, తర్వాత హైవే ఎక్కి 70 మీద స్థిరంగా పెట్టి బ్లూటూత్‌లో ఇంటికి ఫోన్ చేయండి. టాప్ మూసి ఉన్న మియాటాలో నుంచి నేను అలాగే చేస్తే, అవతల మా అమ్మ రెండోసారి కూడా "ఎక్కడున్నావురా, ఒకటే గాలి హోరు, ఏం వినబడట్లేదు" అంది. పక్కనున్న మా ఆవిడ ఉబ్బు మీద కాలు సర్దుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఫోన్ పెట్టేసి ఆ టాప్ తీయి" అంది. మర్నాడు మెకానిక్ దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.